దవడలో నొప్పిలేని వాపు: అశ్రద్ధ చేయదగినది కాదు

కొండపల్లి యనగనే ఎవరికైనను మొదట స్ఫురించునవి బొమ్మలు. తెల్లపొణికి కర్రను ఆరబెట్టి, పచ్చిదనమును పోగొట్టి, అవయవములను వేరువేరుగా చెక్కి, చింతగింజల పొడియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతికి, రంగులు దిద్ది మన కళాకారులు వానికి రూపము కల్పింతురు. లోపల పుచ్చిన కర్రకు పైన ఎన్ని రంగులు వేసినను బొమ్మ నిలువదు. ఈ సంగతి అచ్చటి చిన్న పిల్లలకు సైతము తెలిసినదే.

మనుష్యుని దవడ ఎముకకు గూడ ఇట్టి పుచ్చు ఒకటి కలదు. చర్మము చెక్కు చెదరదు, నొప్పి యుండదు, జ్వరము రాదు. కాని ఎముక లోపల ఒక కంతి పుట్టి, నెమ్మదిగా దానిని తొలిచి, ఉబ్బించి, తుదకు పెంకువలె పలుచన చేయును. ఇది అరుదైన వ్యాధియే. అయితే దీనిని అశ్రద్ధ చేసినచో, లేక మొదటి పర్యాయమే సమూలముగా తీసివేయనిచో, అది తిరిగి తిరిగి పుట్టును. బహు కొలదిమందిలో ఊపిరితిత్తుల వరకు ప్రయాణము చేయును. దీని లక్షణములను గ్రామములలోని స్త్రీ పురుషులందరును తెలిసికొనియుండుట మంచిది.

పన్ను కట్టిన కణములే కంతిగా మారుట

మన పంటిపైన మెరయుచుండు తెల్లని గట్టి పొరకు పింగాణి పొర యని పేరు. శరీరములో ఇంతకంటె గట్టి పదార్థము వేరొకటి లేదు. బిడ్డ తల్లి గర్భములో నుండగనే చిగుళ్లలో పంటి మొలకలు ఏర్పడును. పింగాణి పొరను కట్టుటకై ప్రత్యేకమైన కణములు కొన్ని పనిచేయును. పన్ను తయారై బయటికి వచ్చిన తరువాత వాని పని తీరిపోవును. అయినను ఆ జాతి కణముల శేషములు కొన్ని దవడ ఎముకలోను, చిగుళ్లలోను నిద్రాణముగా మిగిలిపోవును.

ఇల్లు కట్టుట పూర్తియైన పిదప కూలీలు వెళ్లిపోవలసి యుండగా, కొందరు అచ్చటనే ఉండిపోయి, ఎవరును చెప్పకుండగనే గోడలు త్రవ్వ మొదలుపెట్టినట్లు, ఎప్పుడో ఒకప్పుడు ఈ శేష కణములు తమంత తాము వృద్ధి పొంద నారంభించును. అట్లు ఏర్పడిన కంతినే వైద్యులు అమెలోబ్లాస్టోమా అందురు. 1885లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మాలసే దీనికి అడమాంటినోమా అని పేరుపెట్టెను. 1930లో ఐవీ, చర్చిల్ అను ఇరువురు ఇప్పటి పేరును ప్రవేశపెట్టిరి.

ఈ కంతి పుప్పిపళ్ల వలన వచ్చునది కాదు. చుట్ట, బీడీ, పొగాకు, వక్క మున్నగువాని వలన నోటిలో వచ్చు క్యాన్సరు వేరు, ఇది వేరు. శ్రీకాకుళము మున్నగు ఉత్తర కోస్తా ప్రాంతములలో నిప్పుకొనను నోటిలో పెట్టుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలకు అంగిటిలో వచ్చు వ్యాధి నోటి పైపొరలో పుట్టునది. ఇప్పుడు మనము చెప్పుకొనుచున్నది ఎముక గర్భములో పుట్టునది. కావున “మాకు ఏ దురలవాటును లేదు, మాకు రాదు” అని ధైర్యముగా నుండుటకు వీలులేదు. రోగి చేసిన తప్పు ఇందులో ఏమియు లేదు.

గుర్తింపు

ఈ కంతులలో నూటికి సుమారు 80 క్రింది దవడలోనే వచ్చును. అందును జ్ఞానదంతము మొలచు వెనుకభాగము దీనికి ముఖ్య స్థానము. సాధారణముగా 30, 40 ఏండ్ల ప్రాయమువారిలో బయటపడును. అంతకంటె చిన్నవారిలోను కనబడుట కలదు. స్త్రీలకును పురుషులకును ఇంచుమించు సమానముగా వచ్చును.

మొదట చెంప క్రింద కొంచెము ఎత్తుగా కనబడును. తాకిన గట్టిగా నుండును. నెలలు, ఏండ్లు గడచిన కొలది ఆ ఎత్తు పెరిగి ముఖము ఒకవైపునకు ఒరిగినట్లు తోచును. పుప్పి లేకయే పండ్లు కదలును, వరుస తప్పును. ఎముక మిక్కిలి పలుచనైనప్పుడు వ్రేలితో నొక్కిన కోడిగ్రుడ్డు పెంకు చిట్లిన చప్పుడువంటిది తెలియును. ఎక్స్‌రే పటములో ఎముక లోపల సబ్బు నురుగు బుడగలవలెనో, తేనెపట్టు గదులవలెనో నల్లని ఖాళీలు కనబడును.

నొప్పి లేకపోవుటయే దీనిలోని మోసము. నొప్పి యున్నచో మనిషి మరునాడే వైద్యుని యొద్దకు పరుగెత్తును. నొప్పిలేని వాపునకు మన డెల్టాలో వాయిదాలు పెట్టుట పరిపాటి. “సార్వా నాట్లు కానిండు” అందుము. నాట్లు అయిన పిదప “కుప్పనూర్పిళ్లు కానిండు” అందుము. అటుపిమ్మట దాళ్వా వచ్చును. మెట్ట ప్రాంతమున మామిడి కాపు వచ్చును, ఇంటిలో పెండ్లి వచ్చును. ఇట్లు మూడు నాలుగేండ్లు గడచిపోవును. ఈలోపల పసరు కట్లు కట్టుట, వాతలు పెట్టించుట, మందుల దుకాణములో బిళ్లలు కొని మ్రింగుట జరుగుచుండును. కదలుచున్న పంటిని ఎవరిచేతనో పీకించుకొనుటయు కలదు. పన్ను ఊడివచ్చును గాని వాపు తగ్గదు. పీకిన చోట గుంట మానదు. పన్ను పీకిన పిదప గుంట మానక కండ పెరుగుచున్నచో అది ఒక హెచ్చరిక యని గ్రహింపవలెను.

తుంగగడ్డయు, గుర్రపుడెక్కయు

ఈ కంతిని సూక్ష్మదర్శినిలో చూచినచో కణములు సౌమ్యముగనే కనబడును. అందుచే వైద్యశాస్త్రము దీనిని క్యాన్సరుగా గాక సాధారణపు కంతులలోనే చేర్చినది. అయినను దీని నడవడి అంత సౌమ్యమైనది కాదు. కంటికి కనబడు కంతి అంచును దాటి, చుట్టునున్న మెత్తని ఎముక సందులలోనికి సన్నని వేళ్లవలె ఇది చొచ్చుకొనిపోవును.

పొలములో తుంగను కొడవలితో కోసిన రైతునకు ఏమి జరుగునో తెలియును. పైన శుభ్రముగా కనబడును. నాలుగు దినములు గడచిన పిదప గడ్డనుండి మరల పిలకలు లేచును. దవడలోని కంతిని గీకి తీసివేసి ఊరకున్నను అంతే. పైపైన గీకిన వారిలో పెక్కుమందికి ఈ కంతి మరల పుట్టుచున్నట్లు వైద్యుల అనుభవము చెప్పుచున్నది. అట్లు మరల వచ్చిన వానిలో సగమునకు పైగా మొదటి 5 సంవత్సరములలోనే బయటపడును. పది, ఇరువది ఏండ్ల పిదప వచ్చినవియు కలవు.

ఇక వ్యాపించుట అనగా ఏమి? మన కాలువలలోని గుర్రపుడెక్కను తలచుకొనుడు. ఒక చోట తెగిన చిన్న ముక్క నీటిలో కొట్టుకొనిపోయి, దిగువనున్న ఊరి చెరువులో నిలచి, అచ్చట మరల విస్తరించును. అట్లే కంతినుండి విడిపోయిన కణములు రక్తనాళముల ద్వారానో, రసనాళముల ద్వారానో పోయి వేరొక అవయవములో స్థిరపడవచ్చును. అమెలోబ్లాస్టోమా కలిగిన నూరుగురిలో సుమారు ఇద్దరికి ఇట్లు జరుగునని వైద్య గ్రంథములు తెలుపుచున్నవి. అట్లు పోయినవానిలో అధిక భాగము చేరునది ఊపిరితిత్తులకు. తరువాతది మెడలోని గ్రంథులు; అరుదుగా వెన్నెముక మున్నగు ఇతర ఎముకలు.

ఇందులో రెండు విశేషములు గమనింపదగినవి. మొదటిది, ఊపిరితిత్తిలో దొరకిన ముక్కను పరీక్షించినను కణములు దవడలోని కణములవలెనే సౌమ్యముగా కనబడును. కణముల రూపము చూచి ఏది ప్రయాణము చేయునో, ఏది చేయదో ముందుగా చెప్పుటకు వీలులేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005 నాటి వర్గీకరణలో ఇట్లు వ్యాపించు రకమును క్యాన్సరుల జాబితాలో చేర్చి, 2017లో మరల సాధారణపు కంతుల జాబితాలోనికి మార్చినది. నిపుణులకు సైతము ఇది ఎంత చిక్కు సమస్యయో దీనినిబట్టి ఊహింపవచ్చును. రెండవది, దవడలో కంతి పుట్టినది మొదలు ఊపిరితిత్తులలో బయటపడుటకు పలుమారు పది సంవత్సరములకు పైగా పట్టుచున్నది. ఏండ్ల తరబడి చికిత్స లేక పెద్దదైన కంతులలోను, పలుమార్లు అరకొరగా ఆపరేషను జరిగిన కంతులలోను ఈ ఆపద ఎక్కువగా కనబడుచున్నది.

కావున వ్యాధి ఊపిరితిత్తులకు ప్రాకకుండ చూచుటకు మనకు తెలిసిన మంచి మార్గము, మొదటి ఆపరేషనునే సంపూర్ణముగా చేయించుకొనుట.

ఇతర కంతులు

దవడలో పుట్టి ఇతర భాగములకు ప్రాకు వ్యాధులు మరికొన్ని కలవు. పింగాణి కణముల జాతిలోనే నిజమైన క్యాన్సరు ఒకటి కలదు. దానిని అమెలోబ్లాస్టిక్ కార్సినోమా అందురు. ఇది వేగముగా పెరుగును; నొప్పి, పుండు, పెదవి తిమ్మిరి తోడై యుండవచ్చును. ఎముకను కట్టు కణములనుండి పుట్టు ఆస్టియోసార్కోమా అను క్యాన్సరు కాళ్ల ఎముకలలో సాధారణముగా పదునారు ఇరువది ఏండ్ల వయసులోను, దవడలో 30, 40 ఏండ్ల వయసులోను కనబడును. క్రింది పెదవి, గడ్డము కారణము లేకయే తిమ్మిరెక్కుట ఇట్టి వ్యాధులకు ముఖ్యమైన సూచన.

చిన్నపిల్లలలో మరియొక రకము కలదు. 1957లో ఆఫ్రికా ఖండమందలి ఉగాండా దేశమున బర్కిట్ అను శస్త్రవైద్యుడు దవడలన్నియు ఉబ్బిన ఒక బాలుని చూచి, అట్టి పిల్లలను గూర్చి పరిశోధించి 1958లో ప్రకటించెను. అది రసగ్రంథులకు సంబంధించిన క్యాన్సరు. దినముల లెక్కన పెరిగి కడుపులోని అవయవములకు గూడ ప్రాకును. మన దేశమున ఇది దవడలో అరుదు, కడుపులో ఎక్కువ. శస్త్రచికిత్సకు లొంగని ఆ కంతులు 1960 తరువాత మెథోట్రెక్సేట్ మున్నగు మందులకు కరగిపోవుట చూచి వైద్యలోకము ఆశ్చర్యపడెను. ఈ మందు పుట్టుకలో తెలుగువాని కృషి కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలలో నడిపించిన పరిశోధనల నుండియే అది వెలువడినది. ఆయన 1948లో స్వర్గస్థుడయ్యెను. ఆఫ్రికా పిల్లలకు ఆ మందు చేసిన మేలును ఆయన చూడలేదు.

ఇన్ని రకములు ఉండుటచే పైనుండి చూచి “ఇది ఫలానా గడ్డ” అని ఎవరును తేల్చి చెప్పలేరు. ఒక దానికి కత్తి కావలెను, మరియొక దానికి మందు కావలెను. పరీక్ష లేక చికిత్స ఆరంభించుట చీకటిలో బాణము వేయుటయే.

పరీక్షలును, చికిత్సయు

మొదటిది ఓ.పి.జి. అను ఎక్స్‌రే. రెండు దవడలును ఒకే పటములో కనబడుట దీని సౌకర్యము. అవసరమైనచో సి.టి. స్కాన్ తీయుదురు. తరువాతది ముక్కపరీక్ష. కంతినుండి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూతురు. “ముక్క తీసినచో గడ్డ రేగి క్యాన్సరగును” అను భయము పల్లెలలో కలదు. ఈ భయమునకు ఆధారము లేదు. ముక్కపరీక్ష చేయకుండ కోసిన గడ్డయే తరువాత ఇబ్బంది కలిగించును.

చికిత్సలో ముఖ్యమైనది శస్త్రచికిత్స. ఒకే సంచివలె నుండు చిన్న రకములకు తేలికైన పద్ధతులు చాలవచ్చును. విస్తరించిన రకములకు మాత్రము కంతితోపాటు చుట్టును 1 నుండి 2 సెంటీమీటర్ల వరకు ఆరోగ్యవంతమైన ఎముకను గూడ కోసి తీసివేయవలెను. వేళ్లు మిగలకుండుటకే ఈ జాగ్రత్త.

ఇచ్చట రోగికి సహజముగా కలుగు భయము, దవడ పోయిన పిదప ముఖమేమగునో, అన్నమెట్లు తినుటయో అనునది. పెండ్లి కావలసిన ఆడపిల్లలును, వారి తల్లిదండ్రులును ఈ భయముచేతనే ఆసుపత్రినుండి వెనుదిరుగుచుందురు. నేటి వైద్యము దీనికి మార్గము చూపినది. మోకాలి క్రింద నుండు రెండు ఎముకలలో సన్ననిదానిని రక్తనాళములతో సహా తీసి, దవడ ఆకారమునకు చెక్కి, లోహపు పట్టీలతో అతికి, మెడలోని రక్తనాళములకు కలుపుదురు. శరీరపు బరువును మోయునది ముఖ్యముగా లావు ఎముకయే గనుక కోలుకొనిన పిదప నడకకు సాధారణముగా పెద్ద లోటు రాదు. అతికిన ఎముకపై పండ్లను గూడ అమర్చవచ్చును. కంతి చిన్నదిగా నున్నప్పుడే వచ్చినచో ఇంత పెద్ద ఆపరేషను అవసరము కాకపోవచ్చును. వాయిదా వేసిన ప్రతి సంవత్సరమును కొంత దవడను హరించుననుట అతిశయోక్తి కాదు.

2014లో శాస్త్రజ్ఞులు ఈ కంతులలో పెక్కింటియందు, విశేషించి క్రింది దవడలోని వానియందు, బ్రాఫ్ అను జన్యువులో ఒక మార్పు జరుగుచున్నట్లు కనుగొనిరి. ఆ మార్పును అడ్డగించు బిళ్లలు కలవు. శస్త్రచికిత్సకు వీలుపడని, లేక ఊపిరితిత్తులకు ప్రాకిన కొందరు రోగులలో అవి కంతిని కుదించినవి. అయినను ఇవి నిపుణుల పర్యవేక్షణలో మాత్రమే వాడదగిన మందులు.

ఆపరేషను తరువాత

గాయము మానినది, ముఖము కుదుటపడినది, కావున ఇక పని లేదనుకొనుట పెద్ద ప్రమాదము. మొదటి 5 ఏండ్లు వైద్యుడు చెప్పిన గడువుల ప్రకారము తప్పక పోవలెను. అటుపిమ్మట సంవత్సరమునకు ఒకసారియైనను దవడను చూపించుకొనుట, వైద్యుని సలహాపై ఛాతీ ఎక్స్‌రే తీయించుకొనుట జీవితాంతము మానరాదు. ఊపిరితిత్తులకు ప్రాకిన కణుపులు నెమ్మదిగా పెరుగునవి గనుక, కొలదిగా నున్నప్పుడు కనుగొన్నచో ఆపరేషను చేసి తీసివేయుటకు అవకాశముండును.

మరియొక ముఖ్య విషయము. ఛాతీ ఎక్స్‌రేలో నీడ కనబడగనే మన దేశములో క్షయ యని అనుమానించుట సహజము. పదేండ్ల క్రిందట దవడకు ఆపరేషను జరిగినదని రోగి చెప్పనిచో వైద్యునికి ఆ ఆలోచన రాకపోవచ్చును. కావున దగ్గు, ఆయాసము, ఛాతీ నొప్పి ఏది వచ్చినను పాత ఆపరేషను సంగతి మొదటనే చెప్పవలెను. ముక్కపరీక్ష కాగితమును, ఎక్స్‌రే పటములను పొలము దస్తావేజులతో సమానముగా పెట్టెలో భద్రపరచవలెను. ఇంటిలో మరియొకరికి గూడ ఈ సంగతి తెలిసియుండవలెను.

ఎచ్చటికి పోవలెను?

కొండపల్లి నుండి విజయవాడ సుమారు 20 కిలోమీటర్లు. బస్సులును, రైలును కలవు. విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలయు, ప్రభుత్వ సర్వజన ఆసుపత్రియు ఉన్నవి. మొదట దంత వైద్య కళాశాలలో చూపించుకొనుట మేలు. దవడ, ముఖ శస్త్రచికిత్సకు అచ్చట ప్రత్యేక విభాగముండును. క్యాన్సరని తేలినచో హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ఆసుపత్రి, విశాఖపట్టణము వద్ద అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి సంస్థలు కలవు. పేదల ఉచిత వైద్యమునకై 2007లో ఆరోగ్యశ్రీ పేరున ఆరంభమైన పథకము ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌టీఆర్ వైద్య సేవ పేరున నడచుచున్నది. ఏ చికిత్సకు ఎంతవరకు వర్తించునో ఆసుపత్రిలోని పథకపు సహాయ కేంద్రమున విచారించి, కార్డు వెంట తీసికొని పోవలెను.

ఈ క్రింది వానిలో ఏ ఒక్కటి మూడు వారములకు మించి యున్నను ఆలస్యము చేయరాదు: దవడలో గట్టి వాపు, పుప్పి లేకుండ పండ్లు కదలుట, పన్ను పీకిన గుంట మానకుండుట, క్రింది పెదవి లేక గడ్డము తిమ్మిరెక్కుట, నోటిలో మానని పుండు, కట్టుడు పండ్లు అకస్మాత్తుగా సరిపడకపోవుట. చిన్నపిల్లల దవడ త్వరత్వరగా ఉబ్బుచున్నచో మూడు వారములు గూడ ఆగరాదు. వెంటనే పెద్దాసుపత్రికి తీసికొనిపోవలెను.

దవడ వాపులన్నియు కంతులు కావు. పెక్కు వాపులు పంటి చీము వలననో, గవదబిళ్లల వలననో వచ్చి, తగిన చికిత్సతో నయమగును. కావున భయపడవలసిన పని లేదు; పరీక్షించుకొనవలసిన పని మాత్రము కలదు. ఆశా కార్యకర్తలు, ఆరోగ్య కేంద్రపు సిబ్బంది, పాఠశాల ఉపాధ్యాయులు, పంచాయతీ సభ్యులు తమ ఊరిలో చెంప ఒకవైపు ఎత్తుగా నున్నవారు ఎవరైనను కనబడినచో, నొప్పి యున్నదా అని అడిగి ఊరకుండక, ఎన్నాళ్లనుండి యున్నదని అడుగవలెను. నెలల తరబడి యున్నదని సమాధానము వచ్చినచో, ఆ మనిషిని కోతలు అగువరకు ఆగనీయక ఆ వారములోనే ఒక ఎక్స్‌రేకు పంపవలెను.